నాన్-ఏలియన్

నా డ్రైవింగ్ లైసెన్స్ ఎక్స్‌పైర్ కాకపోయి ఉంటే మేం ఆ బస్సు ఎక్కేవాళ్లం కాదు.

ఇక్కడ మా బోటివాళ్లకి లైసెన్స్ కూడా వీసాతోనే ముడిపడి ఉంటుంది. వీసా గడువు ఏ రోజు వరకో లైసెన్స్ గడువూ ఆ రోజు వరకే. ఆ ఏడాది మా కంపెనీ వాళ్లు నా హెచ్-వన్ ఎక్స్‌టెన్షన్‌కి ఆలస్యంగా అప్లై చేశారు. పాత గడువు దాటిపోయింది, కొత్త అప్రూవల్ రాలేదు. అప్లికేషన్ అందింది అని చెప్పే రసీదు కాగితం ఒకటి మాత్రం ఉంది. అది పెండింగ్‌లో ఉన్నన్నాళ్లు ఉద్యోగం చేసుకోవచ్చు, కంగారు పడకండి అని లాయర్ చెప్పాడు. చట్టం ప్రకారం నేను తప్పేమీ చెయ్యడం లేదు. కానీ నా దగ్గరున్న ప్రతి కార్డు మీదా దాటిపోయిన తారీఖే ఉంది. లైసెన్స్ ఆఫీసులో టెంపరరీగా ఒక పల్చటి కాగితం ఇచ్చారు. దాన్ని చూస్తే నాకే నమ్మకం కలిగేది కాదు.

మా ఆయన అప్పుడు మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఒక ప్రాజెక్ట్ మీద ఉన్నాడు. నెలకోసారి వచ్చేవాడు. ఆయనదీ వీసానే, కాకపోతే ఇంకా ఏడాది గడువుంది. లాస్ ఏంజెలెస్ పక్కన ఒక సబర్బ్‌లో, రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో నేనూ మా అమ్మాయీ ఉండేవాళ్లం. దానికి పదహారో ఏడు. ఇక్కడే పుట్టింది, ఇక్కడి సిటిజన్.

ఆ రోజుల్లో మా వాట్సాప్ గ్రూపుల్లో పండగ ఫోటోలు తగ్గి హెచ్చరికలు పెరిగాయి. ఫలానా ఊళ్లో ఆఫీస్ పార్కింగ్‌లో ఎవర్నో ఆపి అడిగారట, పేపర్లు ఎప్పుడూ వెంట ఉంచుకోండి, ఎక్కువ దూరాలు డ్రైవ్ చెయ్యకండి. ఏది నిజమో ఏది పుకారో తెలిసేది కాదు. నేను పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఐ-నైంటీఫోర్, ఆ రసీదు, శాలరీ స్లిప్పులు, లాయర్ నంబర్ రాసిన చీటీ, అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి భుజాన వేసుకునే సంచిలో పడేశాను. కొత్తిమీర కోసం ఇండియన్ స్టోర్‌కి వెళ్లినా ఆ సంచి నాతోనే ఉండేది. ఎందుకని అమ్మాయి ఒకసారి అడిగితే, ఆఫీస్ పని అన్నాను.

అమ్మాయికి హిస్టరీ క్లాసులో ప్రాజెక్ట్ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ అమెరికా మీద బాంబులు వేశాక, పడమటి తీరంలో ఉన్న జపాన్ మూలాల వాళ్లనందర్నీ ఇళ్లు ఖాళీ చేయించి, ఎడారుల్లో ముళ్లకంచెలు వేసి బంధించిన క్యాంపుల గురించి. వాటిలో ఒకటి మాకు నాలుగు గంటల దూరంలో ఉంది. ఇప్పుడది స్మారకస్థలం. అమ్మాయి అక్కడికి కార్లో వెళ్దామంది. రానూపోనూ ఎనిమిది గంటల ప్రయాణం, ఎడారి హైవే, చేతిలో ఆ పల్చటి కాగితం. పని ఎక్కువగా ఉందని రెండు వారాలు దాటవేశాను. అప్పుడది వాళ్ల టీచర్నే అడిగి, జపనీస్ అమెరికన్ల సంఘం ఒకటి గైడ్‌తో సహా ఒక రోజు ట్రిప్పుకి బస్సు వేస్తుందని కనుక్కొని వచ్చింది. పద్దెనిమిది నిండని వాళ్ల వెంట పెద్దవాళ్లు ఉండాలట. ఇక నాకు సాకు దొరకలేదు. బస్సునయితే ఎవరాపుతారులే అనుకున్నాను.

శనివారం ఉదయం ఏడింటికి, వయసు మళ్లినవాళ్ల కోసం ఉండే ఒక సీనియర్ సెంటర్ పార్కింగ్ లాట్‌లో బస్సెక్కాం. ముప్ఫైమంది దాకా ఉన్నారు. చాలామంది తల నెరిసినవాళ్లు, కొంతమంది కాలేజీ పిల్లలు. పులిహోర డబ్బా, నీళ్ల సీసాలు కాళ్ల దగ్గర పెట్టి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

గైడ్ ఎనభై దాటిన చిన్న మనిషి. పొట్టి జుట్టు, ఎండ టోపీ, చేతిలో మైకు. బస్సు ఊరు దాటగానే లేచి సీటు పట్టుకుని నిలబడి, ఇంగ్లీషులో తాపీగా మొదలుపెట్టింది. ముందొక సంగతి చెప్పేస్తాను అంది. జర్మనీలో క్యాంపులు మనుషుల్ని చంపడానికి కట్టారు, ఇక్కడివి బంధించి ఉంచడానికి కట్టారు, రెండూ ఒకటని నేననను. కానీ ఆనాటి ప్రభుత్వ పెద్దలే వీటిని కాన్సన్‌ట్రేషన్ క్యాంపులన్నారు, అందుకని నేనూ అంటాను. తర్వాత తన సంగతి చెప్పింది. తను పుట్టింది ఆ క్యాంపులోనే. ఏమీ గుర్తు లేదు. అమ్మ బతికున్నన్నాళ్లూ నోరు విప్పలేదు. తెలిసినదంతా తొమ్మిదేళ్ల పెద్దదైన అక్క చెప్పినదే. ఆ అక్క కూడా ఇప్పుడు లేదు.

మా అమ్మాయి నోట్‌బుక్ తీసి రాసుకుంటోంది. నేను కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాను. పెట్రోలు బంకు దగ్గర ఒక పోలీసు కారు కనిపిస్తే, అది వెనక్కి వెళ్లిపోయేదాకా దాని మీంచి చూపు తిప్పలేదు.

పదకొండు దాటాక ఎడమపక్క పెద్ద కొండలు మొదలయ్యాయి. పైన మంచు, కింద బూడిదరంగు తుప్పలు, ఇసుక. ఆ చోటి పేరుకి స్పానిష్‌లో యాపిల్ తోట అని అర్థమట. యుద్ధానికి ముందు నిజంగానే తోటలుండేవట. మాకు ముందుగా కనపడింది మాత్రం కాపలా మంచె. మైదానం మధ్యలో నాలుగు కాళ్ల మీద నిలబడి, పైన చిన్న గది, సెర్చిలైటు. పాతవి పడగొట్టేశారనీ, ఇది చూపించడానికి మళ్లీ కట్టిందనీ ఆవిడ చెప్పింది. లోపల ఎవరూ ఉండరని తెలిసినా బస్సు దిగి నడుస్తున్నంతసేపూ నా చూపు దానిమీదికే పోయింది.

ముందు మ్యూజియం హాలుకి తీసుకెళ్లారు. ఒక పక్క కప్పు నుంచి వేలాడే పెద్ద తెర నిండా చిన్న అక్షరాల్లో పేర్లు, అక్కడ ఉన్న వాళ్లందరివీ. తర్వాత గోడకి ఒక పోస్టర్. ఆనాడు కరెంటు స్తంభాలకీ దుకాణాల తలుపులకీ అంటించిన నోటీసు అది. మా అమ్మాయి దాని ముందు నిలబడి పైకే చదివింది. జపనీస్ సంతతికి చెందిన వాళ్లందరూ, ఏలియన్లు గానీ నాన్-ఏలియన్లు గానీ, ఫలానా రోజుకల్లా ఖాళీ చెయ్యాలి అని ఉంది.

ఏలియన్ అన్న మాట నాకు కొత్త కాదు. ప్రతి ఫారమ్ మీదా నన్ను ఆ మాటతోనే పిలుస్తారు. నాన్-ఏలియన్ అన్న మాట మాత్రం ఎప్పుడూ వినలేదు. అమ్మాయి కూడా వినలేదు. గైడ్‌ని అడిగింది.

"సిటిజన్ అనే అర్థం," అంది ఆవిడ. "సిటిజన్లని కూడా పట్టుకెళ్తున్నాం అని రాయడానికి వాళ్లకి చెయ్యి రాలేదు. అందుకని ఆ మాట కనిపెట్టారు. ఇక్కడికొచ్చిన వాళ్లలో ఎక్కువమంది నాన్-ఏలియన్లే. నీ వయసు పిల్లలు చాలామంది."

మా అమ్మాయి నావైపు తిరిగి, తెలుగులో, చాలా మామూలుగా అంది. "అమ్మా, అంటే నేను నాన్-ఏలియన్ కదా."

ఇన్నేళ్లుగా నేను పట్టుకుని వేలాడుతున్న ఊతం ఒకటే. నాకేమైనా కానీ, దానికేం కాదు, దానికి అమెరికా పాస్‌పోర్టు ఉంది. గడువు దాటిన దగ్గర్నుంచి ఆ మాటే మనసులో అనుకుంటూ నిద్రపోతున్నాను. ఆ పోస్టర్ ముందు నిలబడితే ఆ ఊతం కూడా జారిపోయినట్టనిపించింది.

బయట గాలి మొదలైంది. ఇసుక కళ్లలో పడుతోంది. ఆవిడ టోపీ చేత్తో పట్టుకుని ముందు నడుస్తుంటే మేం వెనక నడిచాం. ఒక చెక్క గదిలోకి తీసుకెళ్లింది. అంత చిన్న గదిలో ఎనిమిదిమంది ఉండేవాళ్లట, ఒక్కోసారి ముక్కూమొహం తెలియని రెండు కుటుంబాలు కలిసి. నేల చెక్కల సందుల్లోంచి దుమ్ము లేచి, తెల్లారేసరికి గడ్డి పరుపుల మీద, పిల్లల కనుబొమ్మల మీద పేరుకునేదట. వాళ్లమ్మ డబ్బా మూతలు ఏరుకొచ్చి చెక్కలో కన్నాలున్న చోటల్లా మేకులతో బిగించిందట. పక్కన మరుగుదొడ్ల గది. వరసగా కమోడ్లు, మధ్యన అడ్డం లేదు. ఆడవాళ్లు అట్టపెట్టె ఒకటి తెచ్చుకుని దాన్ని అడ్డం పెట్టుకునేవారని చెప్పింది.

వాళ్ల నాన్న సంగతి ఆ గదిలోనే చెప్పింది. ఆయన చేపలు పట్టేవాడు. సముద్రం ఒడ్డున వాళ్లదొక చిన్న పల్లె. ఇరవై ఏళ్లు ఈ దేశంలో ఉన్నా ఆయనకి సిటిజన్‌షిప్ లేదు, జపాన్‌లో పుట్టిన వాళ్లకి ఇచ్చే చట్టమే అప్పట్లో లేదు. ఒకరోజు భోజనాల దగ్గర కూర్చున్నారట. ఇద్దరు మనుషులొచ్చి, రెండు ప్రశ్నలు అడగాలి, వెంటనే పంపించేస్తాం అన్నారట. ఆయన అన్నం కంచం మీద మూత పెట్టమని చెప్పి, ఇంట్లో చెప్పులతోనే వెళ్లాడు. అప్పటికి ఈవిడ కడుపులో ఉంది. "ఆయన్ని నేను మొదటిసారి చూసేసరికి నాకు నడక వచ్చింది," అంది. "కొత్త మనిషని ఏడ్చానట."

ఆ మాట విని నాకు చటుక్కున మా ఆయన గుర్తొచ్చాడు. అక్కడే నిలబడి, ఎక్కడున్నావు అని మెసేజ్ పెట్టాను. ఫోన్‌లో సిగ్నల్ లేదు. వెళ్లని మెసేజ్ పక్కన ఆ చిన్న గుర్తు తిరుగుతూనే ఉంది.

అక్కణ్నుంచి అనాథ పిల్లల్ని ఉంచిన చోటు చూపించింది. ఇప్పుడక్కడ గడ్డి, రాళ్లు, ఒక బోర్డు, అంతే. తల్లిదండ్రులు లేని పిల్లల్ని ఆశ్రమాల నుంచి ఎత్తుకొచ్చి, చంటిపిల్లలతో సహా ఇక్కడే పెట్టారట. చంటిపిల్లలు గూఢచారులవుతారనా అని ఒక కాలేజీ అబ్బాయి అడిగాడు. అలా అడిగేవాళ్లు ఆ రోజుల్లో ఉండి ఉంటే బాగుండేది అంది ఆవిడ.

నేను ఆ బోర్డు చదువుతూ తల తిప్పేసరికి అమ్మాయి పక్కన లేదు. చూస్తే దూరంగా, ముళ్లకంచె దగ్గర, మంచె కింద నిలబడి ఫోన్‌తో ఫోటో తీస్తోంది. కంచె తీగల మధ్య చెయ్యి దూర్చి, మంచె మొత్తం ఫ్రేములో పట్టేలా వంగింది.

"అక్కడ్నుంచి వచ్చెయ్!" అని అరిచాను. తెలుగులో, గొంతు చించుకుని. అందరూ తిరిగి చూశారు. పరుగెత్తుకెళ్లి జబ్బ పట్టుకుని వెనక్కి లాగాను. దాని మొహం ఎర్రబడింది. "అమ్మా, ఇట్స్ అ మ్యూజియం," అంది మెల్లగా. అవును, మ్యూజియమే. ఆ మంచె మీద ఎవరూ లేరు. అయినా దాని జబ్బ వదల్లేదు.

చివరికి శ్మశానం. తెల్లటి స్తంభం, దాని మీద నల్లటి జపాన్ అక్షరాలు, చుట్టూ ఎవరెవరో వదిలివెళ్లిన నాణేలు, రంగు కాగితాల కొంగలు, ఒక పిల్లాడి బొమ్మ కారు. బృందంలో పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి తలలు వంచారు. మేమూ వెళ్లి దణ్ణం పెట్టుకున్నాం. దగ్గర్లో పాత తోట తాలూకు చెట్లు కొన్ని ఉంటే వాటి నీడన కూర్చుని పులిహోర తిన్నాం. నిజానికి అమ్మాయి తింది. నేను డబ్బా పట్టుకుని కూర్చున్నాను.

నాలుగు గంటలకి బస్సు బయల్దేరింది. ఆ కొండల వెనక సూర్యుడు తొందరగా దిగిపోతాడు. పైన ఆకాశం ఇంకా వెలుగుగానే ఉంది, రోడ్డు మాత్రం నీడలోకి వచ్చేసింది. చాలామంది నిద్రలోకి జారుకున్నారు. నేనూ కళ్లు మూసుకున్నాను. గంట గడిచిందో లేదో, బస్సు నెమ్మదించి రోడ్డు పక్కకి ఆగింది. కళ్లు తెరిస్తే లోపల సీట్ల మీద, మనుషుల మొహాల మీద ఎర్రటి వెలుగు, నీలం వెలుగు, మళ్లీ ఎర్రటి వెలుగు.

వెనక ఒక పోలీసు కారు నిలబడి ఉంది.

యూనిఫాంలో ఉన్న ఆఫీసర్ దిగి బస్సు పక్కన నడుస్తూ ముందుకొచ్చాడు. డ్రైవర్ తలుపు తీశాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు, నాకు వినపడలేదు. డ్రైవర్ ఏవో కాగితాలు తీసి ఇచ్చాడు. కాగితాలు అన్నది ఒక్కటే నాకు కనపడింది. పొద్దుటి నుంచీ అంత తాపీగా మాట్లాడిన గైడ్ మాకు రెండు వరసల ముందు, పక్క సీటు ఖాళీగా, నిటారుగా కూర్చుని ఉంది. ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది.

ఆఫీసర్ మెట్టు ఎక్కి లోపలికి తొంగిచూశాడు. అప్పుడు నేను చేసిన పని ఇది. సంచిలోంచి ఫోల్డర్ తీసి ఒళ్లో పెట్టుకున్నాను. అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి నడవలోకి నెట్టాను.

"వెళ్లి ఆవిడ పక్కన కూర్చో. తొందరగా. నాతో వచ్చానని చెప్పకు."

దానికి అర్థం కాలేదు. మళ్లీ నెట్టాను. "నీకు పాస్‌పోర్ట్ ఉంది. నిన్నేమీ అనరు. నేనెవరో తెలియదని చెప్పు. వెళ్లు తల్లీ."

అది నా మొహంలోకి చూసింది, తర్వాత నా ఒళ్లోని ఫోల్డర్ వైపు చూసింది. దానికంతా ఆ క్షణంలోనే అర్థమైందనుకుంటాను, ఆఫీస్ పని అని నేను చెప్పిన అబద్ధంతో సహా. కాళ్లు ముందు సీటుకి ఆనించి బిగుసుకు కూర్చుంది. "నేను వెళ్లను," అంది. నేను గిల్లాను. పదహారేళ్ల పిల్లని, చెయ్యి మీద, గట్టిగా. అది కదల్లేదు. నా చేతిమీద చెయ్యి వేసి, ఫోల్డర్‌తో పాటు అదిమి పట్టుకుంది.

ఆఫీసర్ నడవలో నాలుగడుగులు వేశాడు. చిన్న వయసు వాడే. బస్సు పక్కన లగేజీ పెట్టే అర తలుపు తెరుచుకుపోయిందట. వెనక వస్తున్న కారు వాళ్లు చూసి ఫోన్ చేశారట. సామాన్లేమైనా పడిపోయాయేమో ఎవరివైనా చూసుకోండి, అందరూ క్షేమమే కదా అని అడిగాడు. ఎవరో ఏమీ పోలేదన్నారు. జాగ్రత్తగా వెళ్లండి అని దిగిపోయాడు. డ్రైవర్ వెళ్లి తలుపు బిగించి వచ్చాడు. మొత్తం పది నిమిషాలు పట్టి ఉంటుందేమో. బస్సు కదిలింది.

అమ్మాయి నా చేతిమీది నుంచి చెయ్యి తీసేసి కిటికీ వైపు తిరిగింది. దాని ముంజేతి మీద నా గోళ్ల గుర్తులు రెండు ఎర్రగా కనపడుతున్నాయి. సారీ అన్నాను. అది చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది.

కాసేపటికి గైడ్ లేచి సీట్లు పట్టుకుంటూ వచ్చి, నడవకి అటువైపు ఖాళీగా ఉన్న సీట్లో కూర్చుంది. నీళ్ల సీసా తీసి తాగమని ఇచ్చింది.

"మీ భాష నాకు రాదు," అంది. "కానీ మీరు ఏం చెప్పారో అర్థమైంది."

నేను నా గడువు సంగతి, రసీదు సంగతి, మా ఆయన ట్రాయ్‌లో ఉన్న సంగతి, ఎవరికీ చెప్పనివన్నీ ఆవిడకి చెప్పేశాను. ఆవిడ విని, క్యాంపులో అందరి ముందూ చెప్పనిది ఒకటి చెప్పింది. నాన్నని పట్టుకెళ్లాక వాళ్లమ్మకి తననీ పట్టుకెళ్తారన్న భయం పట్టుకుందట. పెద్దపిల్ల ఇక్కడే పుట్టింది కాబట్టి దాన్ని ఏమీ చెయ్యరనుకుంది. బర్త్ సర్టిఫికెట్ గౌను లోపల పిన్నుతో గుచ్చి, చేతికి చిన్న మూట ఇచ్చి, స్కూలు టీచర్ ఇంటికి పంపేసింది. ఎవరైనా అడిగితే మా అమ్మ లేదని చెప్పు అందట. ఆ పిల్ల చెప్పిన మాట వినే పిల్ల. వెళ్లింది. రెండు రోజులున్నాక ఆ నోటీసు వచ్చింది, నాన్-ఏలియన్లు కూడా రావాలని. టీచరే ఏడుస్తూ దాన్ని తీసుకొచ్చి, బస్సుల దగ్గర వరసలో నిలబడ్డ తల్లికి అప్పగించింది.

"మా అక్క క్యాంపు గురించి ఎంతసేపైనా మాట్లాడేది," అంది ఆవిడ. "దుమ్ము గురించి, తిండి గురించి, నవ్వుతూ కూడా చెప్పేది. టీచర్ ఇంట్లో ఉన్న ఆ రెండు రోజుల గురించి అడిగితే మాత్రం లేచి వెళ్లిపోయేది. డెబ్భై ఏళ్లొచ్చాక కూడా."

మీరు చేసింది తప్పనీ అనలేదు, భయపడకండనీ అనలేదు. ఊరు దగ్గర పడేదాకా అక్కడే కూర్చుంది.

ఆ మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం దాకా అమ్మాయి గది తలుపు తియ్యలేదు. తీశాక వచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఆ ఫోల్డర్ చూపించమంది. చూపించాను. ఒక్కొక్క కాగితం ఏమిటో, ఏ తారీఖు దేనికో చెప్పాను. మా ఆయనకి వీడియో కాల్ చేస్తే, చదువుకునే పిల్లకి ఇవన్నీ ఎందుకు చెప్తున్నావని నన్ను కోప్పడ్డాడు. "నాన్నా, నాకు తెలియాలి," అని అదే అంది.

చాలా ప్రశ్నలడిగింది. రసీదు ఉన్నా పట్టుకోవచ్చా? పట్టుకుంటే నాకు ఎవరు ఫోన్ చేస్తారు? నాన్న ఫ్లైట్ దిగేదాకా నేను ఎక్కడుంటాను? నాన్నని కూడా పంపేస్తే? కొన్నిటికి లాయర్ని అడగాలని చెప్పాను. చివరిదానికి మా ఆయన, తర్వాత ఆలోచిద్దాం అన్నాడు. అది ఫోల్డర్ మూసి, "సో యూ గైజ్ డోంట్ హావ్ అ ప్లాన్," అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మా కుటుంబానికి బాగా దగ్గరైన ఒకావిడ ఉంది. నాకంటే పదేళ్లు పెద్ద, ఖమ్మం వాళ్లు, నేను అక్కా అని పిలుస్తాను. ఎప్పుడో సిటిజన్ అయింది. ఆమెని అడిగాను. నాకేదైనా అయితే మా అమ్మాయిని కొన్నాళ్లు చూసుకుంటావా, గార్డియన్‌గా కాగితం మీద సంతకం పెట్టాలి అని. ఫోన్‌లో ఎప్పుడు, ఎక్కడికి రావాలో కనుక్కుంది. తర్వాత, "గిదేం అడుగుడే, పిల్ల నాది కాదా," అంది.

ఆ తర్వాతి శనివారం ముగ్గురం నోటరీ దగ్గరికెళ్లాం. కొరియర్ దుకాణంలో ఒక మూల టేబుల్. అక్కడి అమ్మాయి నా ఐడీ అడిగితే పాస్‌పోర్ట్ ఇచ్చాను. ఆమె పేజీలు తిప్పుతుంటే వీసా పేజీ దగ్గర ఆగుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను. ఆగలేదు. ఫోటో చూసి, పేరు రాసుకుని, స్టాంపు వేసింది. పిల్ల ఎవరని అడిగితే మా అమ్మాయి చెయ్యెత్తింది.

అక్క మమ్మల్ని భోజనానికి వాళ్లింటికి తీసుకెళ్లింది. వంట అప్పటికే చేసి పెట్టింది. పప్పుచారు, బెండకాయ వేపుడు. వాళ్ల పిల్లలిద్దరూ ఉద్యోగాలకి వెళ్లిపోయారు, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మా అమ్మాయి తిన్నది తీసి సింకులో పెట్టి, చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"ఆంటీ, నేను వస్తే నా రూం ఏది?"

అక్క నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. "పైన ఉంది బిడ్డా, రా," అని ఆమె ముందు మెట్లెక్కింది.

చిన్న గది. ట్రెడ్‌మిల్ ఒకటి, గోడ వారగా అట్టపెట్టెలు, మంచం మీద ఉతికిన బట్టల కుప్ప. అక్క కంగారుగా బట్టలు ఎత్తుతూ, ఇవన్నీ తీయిస్తా, డెస్క్ వేయిస్తా అంటోంది. మా అమ్మాయి కిటికీ తెరిచి బయటికి చూసింది. ఇక్కణ్నుంచి స్కూల్ బస్ ఎక్కడ ఎక్కాలని అడిగింది. మూలమలుపులో అని అక్క చెప్పింది. ఛార్జింగ్ పెట్టుకోవడానికి ప్లగ్ ఎక్కడుందో చూసుకుంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపలికి అడుగు పెట్టబుద్ధి కాలేదు.

నా ఎక్స్‌టెన్షన్ నెలన్నర తర్వాత అప్రూవ్ అయింది. లైసెన్స్ పోస్టులో వచ్చింది. మా ఆయన ప్రాజెక్ట్ పూర్తయి తిరిగొచ్చాడు. అమ్మాయి ప్రాజెక్ట్‌కి మంచి గ్రేడే వచ్చింది. అందులో ఏం రాసిందో నన్ను చదవనివ్వలేదు, నేనూ బలవంతం చెయ్యలేదు. కొత్త గడువు మూడేళ్లు. నోటరీ దగ్గర సంతకం పెట్టిన ఆ కాగితం మాత్రం ఇంకా అక్క వాళ్లింట్లో, ఆమె బీరువాలోనే ఉంది. తిరిగి ఇమ్మని నేను అడగలేదు. అక్కా ఇస్తాననలేదు. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు పైకెళ్లి చూస్తే ట్రెడ్‌మిల్ లేదు. కిటికీ పక్కన డెస్క్ వేసి ఉంది.